మాసాహెబా గారి గుమ్మటం

హైటెక్ సిటీ వైపు ఇల్లు కొనుక్కున్నవాళ్ళని "మీ దగ్గర్లో చూడదగ్గవి ఏమున్నాయండీ?" అని అడిగి చూడండి. ఏ మాల్ పేరో, సినిమాహాలు పేరో చెబుతారు. 1998లో సైబర్ టవర్స్ లేచాకే ఈ ప్రాంతం పుట్టిందన్నట్టు మాట్లాడతారు. గచ్చిబౌలిలో 'బౌలి' అంటే మెట్లబావి అని మా అపార్టుమెంటులో సగం మందికి తెలీదు సుమండీ!

ఆ గచ్చిబౌలి నుంచి షేక్‌పేట దాటి, ట్రాఫిక్ కరుణిస్తే అరగంటలో కుతుబ్‌షాహీ సమాధులకు చేరతాం. ఆటోవాళ్ళకు 'సెవెన్ టూంబ్స్' అంటేనే తెలుస్తుంది. ఉత్తరాన మొగలాయీలు ఏలుతున్న రోజుల్లో, 1518 నుంచి 1687 వరకూ గోల్కొండని ఎనిమిది మంది కుతుబ్‌షాహీలు ఏలారు. వాళ్ళ కుటుంబాల శ్మశానవాటిక ఇది. ఏడుగురు ఇక్కడే ఉన్నారు. ఎనిమిదో ఆయన, తానాషా, లేడు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మీరు వెళితే ముందు హయాత్ బక్షీ బేగం గుమ్మటం చూడండి. ఎందుకంటారా? ఐదో రాజు మహమ్మద్ కులీ కూతురు, ఆరో రాజు మహమ్మద్ కుతుబ్‌షా భార్య, ఏడో రాజు అబ్దుల్లా తల్లి. ముగ్గురు రాజుల మధ్య ఒక్క ఆడది! 1626లో భర్త పోయేసరికి కొడుకు ఇంకా చిన్నవాడు. రాజ్యభారం ఈవిడ మీదే పడింది. అందరూ 'మాసాహెబా' అనేవారట. మాసాబ్ ట్యాంకుకి ఆ పేరు ఈవిడ వల్లే వచ్చిందని చెబుతారు. హయత్‌నగర్ సరేసరి.

1656లో ఔరంగజేబు, అప్పటికింకా చక్రవర్తి కాలేదు, దక్కను సుబేదారు, గోల్కొండ మీదికి వచ్చాడు. హైదరాబాదు దోపిడీ అయిపోయింది, కోట చుట్టూ సైన్యం. కొడుకు కోటలో కూర్చున్నాడు. ఈ పెద్దావిడ శత్రువు గుడారానికి స్వయంగా వెళ్ళి మాట్లాడింది. భారీగా డబ్బు కట్టేటట్టూ, మనవరాలిని ఔరంగజేబు కొడుక్కిచ్చి పెళ్ళి చేసేటట్టూ ఒప్పందం. ఢిల్లీ నుంచి షాజహాన్ ఉత్తర్వు కూడా రావడంతో ముట్టడి ఆగింది. రాజ్యం ఇంకో ముప్ఫై ఏళ్ళు బతికింది. ఆ పెళ్ళికూతుర్ని ఎవరైనా అడిగారో లేదో మరి! ఆ మాట ఏ చరిత్ర పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

1667లో ఆవిడ పోయింది. రాజుల గుమ్మటాలకు ఏమాత్రం తీసిపోకుండా కట్టారు. కింద చతురస్రంగా వరండా, వరసగా కమానులు, పైన తామర రేకుల్లోంచి లేచిన మొగ్గలాంటి గుమ్మటం. లోపల నల్లరాతి సమాధి. పక్కనే పెద్ద మసీదు. కొంచెం అవతల తారామతి, ప్రేమామతి సమాధులు. నాట్యకత్తెలకు కూడా రాజకుటుంబం మధ్యన చోటిచ్చారు చూశారూ! శవానికి స్నానం చేయించే హమాం కూడా అక్కడే ఉంది. వేణ్ణీళ్ళకీ చన్నీళ్ళకీ మట్టి గొట్టాలు వేసి మరీ కట్టారు.

పాడుబడటం 1687లో మొదలైంది. ఔరంగజేబు ఈసారి చక్రవర్తిగా వచ్చి, ఎనిమిది నెలలు కాచుకుని, లోపలివాళ్ళు తలుపు తీస్తే కోట పట్టాడు. తానాషాని దౌలతాబాదుకి బందీగా తీసుకుపోయారు. ఆయన అక్కడే పోయాడు, సమాధి ఖుల్దాబాదులో ఉంది. ఔరంగజేబుదీ ఆ ఊళ్ళోనే! ఇక్కడ అబ్దుల్లా అల్లుడు మీర్జా నిజాముద్దీన్ అహ్మద్ గుమ్మటం పైకప్పు లేకుండా మొండిగా నిలబడిపోయింది. తివాచీలు, దీపాలు, ఖురాను చదివేవాళ్ళు అన్నీ పోయాయి. రంగు పలకలు రాలిపోయాయి, అక్కడక్కడ నీలం, ఆకుపచ్చ ముక్కలు మిగిలాయి. పంతొమ్మిదో శతాబ్దంలో మొదటి సాలార్‌జంగ్ గోడ కట్టించి, తోట వేయించి కొంత నిలబెట్టాడు.

తర్వాత సిమెంటు వచ్చింది. గుమ్మటం నెర్రెలిస్తే సిమెంటు పూశారు. డాబా కురిస్తే మన మేస్త్రీలూ చేసేది ఇదే కదా! పాత గోడ డంగు సున్నంతో కట్టింది. అది తడి పీల్చుకుంటుంది, మళ్ళీ వదిలేస్తుంది. మీద సిమెంటు వేస్తే తడి లోపలే ఉండిపోయి గోడని తినేస్తుంది. 2013లో ఆగాఖాన్ ట్రస్టువాళ్ళు రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి పనిలోకి దిగాక, ఆ సిమెంటు గీకించి మళ్ళీ సున్నమే వేయించారు. ఆ సున్నంలో పూర్వం బెల్లం, మారేడు గుజ్జు, మినప్పిండి, గుడ్డు సొన కలిపేవారంటారు. మన వంటింటి సామానే!

అదే 2013లో వానలకు అక్కడి బడీ బౌలి గోడ కూలిపోయింది. రాళ్ళు తీసి మళ్ళీ పేర్చి కట్టారు. ఇప్పుడు నీళ్ళున్నాయి. ఈ మెట్లబావుల పనికి 2022లో యునెస్కో అవార్డు వచ్చింది. మొత్తం పని పూర్తయి 2024 జులైలో అప్పగించారు. వానలు ఏటా వస్తాయి, సున్నం పూత ఏటా చూసుకోవాలి. ఆ పని ఎవరు పట్టించుకుంటారా అన్నదే నా బెంగ. పది కోట్లు పెట్టి ఇల్లు కట్టి, నెలసరి ఖర్చు దగ్గర పేచీ పెట్టుకునే అపార్టుమెంట్లని చూస్తూనే ఉన్నాంగా.

పొద్దున్నే వెళ్ళండి, ఎండెక్కితే రాయి కాలుతుంది. మంచినీళ్ళ సీసా, పిల్లలకు టోపీలు మరవకండి. పులిహోర తెచ్చుకుంటే బయటే తినేయండి. లోపల గోడల మీద పేర్లు చెక్కే పిల్లాడు కనబడితే, మీ పిల్లాడైనా సరే, చెయ్యి పట్టుకుని ఆపండి.

వచ్చేవారం ఖైరతాబాదు మసీదు పక్కన, కట్టినా ఎవరినీ పూడ్చని ఖాళీ సమాధి కబుర్లు చెబుతాను.