నమ్మని పౌరుడికి చోటేది?

బిడ్డ పుట్టగానే జనన నమోదు దరఖాస్తు అడిగే వివరాల్లో తల్లిదండ్రుల మతం ఒకటి. వనపర్తి జిల్లా కొత్తకోటకు చెందిన ఒక జంట 2019లో పుట్టిన కొడుకు విషయంలో ఆ గడి నింపబోమంది. మతమూ లేదు, కులమూ లేదు అని నమోదు చేయమంది. దరఖాస్తులో అలాంటి వీలే లేదన్నారు. చివరికి వాళ్ళు హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. 'మతం లేదు', 'కులం లేదు' అని రాసుకునే వీలు కల్పించాలని అధికారులను ఆదేశించింది. అంతకుముందే, 2014లో బాంబే హైకోర్టు ఏ మతమూ లేదని చెప్పుకునే హక్కు పౌరుడికి ఉందని, మతం చెప్పి తీరాలని ప్రభుత్వం ఒత్తిడి చేయరాదని తేల్చింది.

హక్కు ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు ఒక గడి కోసం కోర్టు దాకా ఎందుకు వెళ్ళాల్సి వస్తోంది? మన రాజ్యం నాస్తికుణ్ని పనిగట్టుకుని వెంటాడదు. కానీ అతనికంటూ విడిగా చోటు ఉంచదు. పుట్టిన మతం ఖాతాలోనే అతన్ని రాసుకుంటుంది. ముస్లిం, క్రైస్తవ, పార్సీ, యూదు మతస్థులు కాని దాదాపు అందరినీ హిందూ వివాహ చట్టం తన పరిధిలోకే తీసుకుంటుంది. జీవితంలో గుడి గడప తొక్కనివాడూ దాని లెక్కలో హిందువే. ముస్లిం కుటుంబంలో పుట్టి విశ్వాసం వదులుకున్నవారికి ఆస్తి పంపకంలో షరియత్ వర్తించాలా అన్న పిటిషన్‌పై 2024లో సుప్రీంకోర్టు నోటీసులు ఇచ్చింది. 2011 జనగణనలో మతం తెలపనివారు 28 లక్షలకు పైగా ఉంటే, నాస్తికులమని నమోదైనవారు దాదాపు 33 వేలు. పేరు వినగానే మతం రాసేసుకునే గణకుడి ముందు పట్టుబట్టి మరీ నాస్తికుడినని రాయించుకునేవారు ఎందరుంటారు?

రాజ్యాంగ నిర్మాతలకు ఈ సమస్య తెలియనిది కాదు. 1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభలో ప్రవేశికపై చర్చ జరుగుతున్నప్పుడు, దాన్ని దేవుడి పేరుతో మొదలుపెట్టాలని హెచ్.వి. కామత్ సవరణ తెచ్చారు. అది విశ్వాసం విషయంలో బలవంతం అవుతుందని ట్రావెన్‌కోర్ నాయకుడు పట్టం థాను పిళ్ళై అభ్యంతరం చెప్పారు. ఆలోచనకూ ఆరాధనకూ స్వేచ్ఛ ఇస్తామంటున్న ప్రవేశికకు ఇది పొసగదని హృదయనాథ్ కుంజ్రూ వాదించారు. ఓటింగులో 41 మంది కామత్ వైపు, 68 మంది వ్యతిరేకంగా నిలిచారు. ఆ 68 మందిలో అత్యధికులు దేవుణ్ని నమ్మేవారే. తమ నమ్మకాన్ని జాతి మొత్తం చేత పలికించకూడదని వాళ్ళు అనుకున్నారు.

అదే సభ మూడో షెడ్యూలులో ప్రమాణస్వీకార పాఠాన్ని రాసిపెట్టింది. దైవసాక్షిగా ప్రమాణం చేయవచ్చు, దేవుడి ప్రస్తావన లేకుండా మనస్ఫూర్తిగానూ చేయవచ్చు. రెండింటికీ ఒకే విలువ. రెండోది ఎంచుకున్న శాసనసభ్యుణ్ని కారణం ఎవరూ అడగరు, సర్టిఫికెట్ తెమ్మనరు, వరుసలో వెనక్కి పంపరు. 1969 నాటి ప్రమాణాల చట్టం కోర్టులో సాక్షికీ ఇదే వీలు ఇచ్చింది. ప్రజా జీవితంలో మతం, మతరాహిత్యం పక్కపక్కన బతకడానికి ఇంతకన్నా మంచి నమూనా మన దగ్గర లేదు. భక్తుడి నోరు నొక్కకుండానే నమ్మనివాడిని తప్పుకోనిస్తుంది. ఈ ఏర్పాటును చట్టసభ గడప దాటించి బడికీ పెళ్ళికీ దరఖాస్తుకూ తేలేకపోవడమే మన వైఫల్యం.

బడిని చూడండి. పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే విద్యాసంస్థలో మతబోధన కూడదని 28వ అధికరణం చెబుతోంది. ప్రభుత్వ గుర్తింపో సాయమో పొందిన సంస్థల్లోనూ సమ్మతి లేకుండా ఎవరినీ ప్రార్థనలో పాల్గొనమనరాదు. మైనరైతే సంరక్షకుల సమ్మతి కావాలి. ఆచరణలో ఆ సమ్మతి అడిగే బడి ఏది? నాసిక్‌లో ఒక ఉపాధ్యాయుడు ప్రార్థన సమయంలో చేతులు జోడించనందుకు పై స్కేలు నిలిపివేశారు. 2013లో బాంబే హైకోర్టు అతని పక్షాన నిలిచింది. కేంద్రీయ విద్యాలయాల ప్రార్థనపై వచ్చిన పిటిషన్‌ను 2019లో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం రాజ్యాంగ ధర్మాసనం పరిశీలనకు నివేదించింది.

ఈ విషయంలో దారి చూపిన తీర్పు నాస్తికుల కేసులో రాలేదు. కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడ్డారు, కానీ మతవిశ్వాసం కారణంగా గొంతు కలపలేదు. బడి వాళ్ళను పంపించేసింది. 1986లో సుప్రీంకోర్టు ఆ చర్యను కొట్టేసింది. తీర్పు రాసింది తెలుగువాడైన జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి. ఎదుటివారి గౌరవానికి భంగం కలిగించకుండా మౌనంగా ఉండే హక్కు అతిగాఢమైన విశ్వాసికి దక్కినప్పుడు, విశ్వాసమే లేనివాడికి ఎందుకు దక్కకూడదు? 25వ అధికరణం మతస్వేచ్ఛ కంటే ముందు అంతరాత్మ స్వేచ్ఛను పేర్కొంది. ఆ అంతరాత్మ ఇద్దరికీ ఉంటుంది.

పెళ్ళి దగ్గర చిక్కు మరింత గట్టిది. తెలుగునాట దండల పెళ్ళిళ్ళు, స్టేజి పెళ్ళిళ్ళు కొత్తవి కావు. త్రిపురనేని రామస్వామి పురోహితుడి సంస్కృత మంత్రాలు పక్కనపెట్టి తెలుగులో వివాహవిధి రాశారు. దేవుడి గురించి తన అభిప్రాయాల వల్ల అధ్యాపక ఉద్యోగాలు కోల్పోయి, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా తన కుమార్తె పెళ్ళి గురించి గాంధీతో చర్చించారు. ప్రమాణంలో దేవుడి మాట తీసి సత్యం పేరు ఉంచడానికి గాంధీ ఒప్పుకున్నారు. ఆయన హత్య తర్వాత 1948లో సేవాగ్రామ్‌లో ఆ పెళ్ళి జరిగింది. గాంధీ అంతటి ఆస్తికుడు సర్దుకున్న చోట చట్టం ఇంకా సర్దుకోలేదు. సంప్రదాయ క్రతువు జరగనిదే హిందూ వివాహం చెల్లదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే దండలు మార్చుకుని, సంతకాలు చేసి, భోజనాలు పెట్టినంత మాత్రాన తెలుగు రాష్ట్రాల్లో పెళ్ళి నిలవదు. ప్రత్యేక వివాహ చట్టం ఉంది కదా అనవచ్చు. ఆ చట్టం 30 రోజుల నోటీసు అడుగుతుంది. కులం దాటి పెళ్ళాడేవారికి ఆ 30 రోజులు ప్రాణాల మీదికి తేగలవు. తమిళనాడు మాత్రం 1967లోనే హిందూ వివాహ చట్టాన్ని సవరించుకుంది. బంధుమిత్రుల ఎదుట దండో ఉంగరమో మార్చుకుంటే చాలు, పురోహితుడు అక్కర్లేదు. మనకు సంస్కర్తలు తక్కువేమీ కాలేదు. వారి పనిని చట్టంగా మలిచిన శాసనసభే లేకపోయింది.

మతం గడిని, కులం గడిని ఒకే గాటన కట్టడం మాత్రం పొరపాటు. మతం నమ్మకానికి సంబంధించినది, వదిలేస్తే వదిలిపోతుంది. కులం అలా కాదు. నేను కులం మానేశానంటే అద్దె ఇల్లు ఇవ్వనివాడు ఇస్తాడా? కులం లెక్క సామాజిక న్యాయానికి కావాలి. అందుకే దళిత నాస్తికుడి పరిస్థితి అందరికన్నా ఇబ్బందికరం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాతి సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధాలకు భిన్నమైన మతాన్ని అనుసరించేవారికి ఎస్సీ హోదా ఉండదు. ఏ మతాన్నీ అనుసరించనివాడు 'భిన్నమైన మతాన్ని' అనుసరించినట్టా? మాటను బట్టి చూస్తే కాదు. కానీ తహసీల్దారు కార్యాలయంలో ఆ వాదన నెగ్గుతుందన్న హామీ ఎవరిస్తారు? రిజర్వేషన్ పోతుందేమోనన్న భయం ఉన్నంతకాలం, మతం లేదని రాసే ధైర్యం పోయేదేమీ లేనివారికే మిగులుతుంది. మతం గడి ఖాళీగా ఉంచినంత మాత్రాన కుల ధ్రువీకరణకు అడ్డు రాదని ప్రభుత్వాలు స్పష్టంగా ప్రకటించాలి.

ఇక మాట స్వేచ్ఛ. 1927లో బ్రిటిష్ పాలకులు శిక్షాస్మృతిలో చేర్చిన 295-ఎ సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299గా ఉంది. ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో మతభావాలను అవమానిస్తేనే నేరమని అది చెబుతుంది. ఠాణాలో మాత్రం ఫిర్యాదుదారుల సంఖ్యను బట్టే ఉద్దేశం తేలుతుంది. 2022 డిసెంబరులో అయ్యప్పపై ఒక నాస్తిక ప్రచారకుడి వ్యాఖ్యల మీద తెలంగాణలో భక్తులు రోడ్డెక్కారు, పోలీసులు అతన్ని అరెస్టు చేశారు. ఆ మాటల తీరును సమర్థించనక్కర్లేదు. ఎదుటివాడి ఆరాధ్యదైవాన్ని ఎగతాళి చేయడం హేతువాదం అనిపించుకోదు, వినేవాణ్ని ఒప్పించనూ లేదు. అయినా మొరటుదనానికి జవాబు విమర్శ కావాలి, సంకెళ్ళు కాదు. నాస్తికుల మనోభావాలకూ ఓ సెక్షన్ కావాలని అడగడం ఇంకా పెద్ద తప్పు. ఏ భావజాలానికీ అలాంటి కవచం ఉండకూడదు. ఉండాల్సింది ప్రాణానికి రక్షణ. 2013లో పుణెలో హేతువాది నరేంద్ర దభోల్కర్‌ను, 2015లో ధార్వాడలో కన్నడ పండితుడు కల్బుర్గిని కాల్చి చంపారు. 2017లో కోయంబత్తూరులో ముస్లిం కుటుంబంలో పుట్టిన ఒక నాస్తికుణ్ని నరికి చంపారు. ఏ మతమూ వేలెత్తి చూపే స్థితిలో లేదు.

నమ్మనివాడి హక్కుకూ హద్దుంది. బోనాలు, పీర్ల పండుగ, క్రిస్మస్ ఊరేగింపు తన కంట పడకూడదని కోరే అధికారం అతనికి లేదు. వీధి అందరిదీ. బొట్టు పెట్టుకున్న అధికారిణి, గడ్డం ఉన్న గుమాస్తా, మెడలో సిలువ వేసుకున్న నర్సు తమ విశ్వాసాన్ని ఇంట్లో వదిలి రానక్కర్లేదు. వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇష్టం లేనివాడు కారణం చెప్పకుండా, నష్టపోకుండా తప్పుకోగలడా? ఊరేగింపు నుంచి తప్పుకోవచ్చు. హాజరు తీసుకునే ప్రార్థన నుంచి తప్పుకోలేడు. రాత్రి 10 దాటాక కూడా మోగే మైకు నుంచి ఆస్తికుడైనా తప్పుకోలేడు. ఏ మతమూ మైకులో ప్రార్థించమనలేదని 2000లో సుప్రీంకోర్టు ఒక చర్చి కేసులో చెప్పింది. అన్ని మతాల గురువులనూ పిలిచి శంకుస్థాపన చేయిస్తే లౌకికత్వం అయిపోయిందనుకునే ప్రభుత్వాలు ఈ ప్రశ్న వేసుకోవు. వేదిక మీద నాలుగు మతాలున్నా ఒక్కటే ఉన్నా, అక్కడ నిలబడక తప్పని ఉద్యోగికి తేడా ఏముంది?

ఈ హక్కు నాస్తికులకే పనికొస్తుందనుకోవడం పొరపాటు. మిషనరీ బడిలో చదివే హిందూ పిల్లకూ, ప్రభుత్వ బడిలో చదివే ముస్లిం పిల్లవాడికీ 28వ అధికరణమే ఆసరా. ఎదుటివారి మతంలో మనమంతా నమ్మనివాళ్ళమే.

తెలుగు రాష్ట్రాలు చేయగలిగింది చాలానే ఉంది. జనన నమోదు, బడి ప్రవేశ దరఖాస్తుల్లో 'మతం లేదు' అన్న వీలును అందరికీ అందేలా చేయవచ్చు. ప్రార్థనకు సమ్మతి తప్పనిసరని బడులకు సర్క్యులర్ పంపవచ్చు. తమిళనాడు బాటలో వివాహ చట్టాన్ని సవరించవచ్చు. మొదటి రెండింటికీ కొత్త చట్టం అక్కర్లేదు. మూడోది ఉమ్మడి జాబితాలోని అంశం; శాసనసభ ఆమోదం, రాష్ట్రపతి సమ్మతి చాలు. దేవుడి పేరు ఎత్తకుండా ప్రమాణం చేసిన సభ్యులు మన చట్టసభల్లో ఎప్పటినుంచో కూర్చుంటున్నారు. తాము అనుభవించే సౌకర్యాన్ని కొత్తకోట జంటకూ ఇవ్వమని ఆ సభలోనే బిల్లు పెట్టడం వాళ్ళ బాధ్యత. దానికి ఓటేయడం, 1949లో లాగే, నమ్మేవారి బాధ్యత కూడా.