నొప్పి మాత్రకు తోడు మాత్ర

తెనాలి నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దని కోరారు గనుక వేయడం లేదు. మూడు పేజీల నిండా అత్తగారి నడుము నొప్పి, దానికోసం తిరిగిన ఆసుపత్రులు, అయిన ఖర్చు. అసలు సంగతి నాలుగో పేజీ చివర రెండే రెండు వాక్యాల్లో ఉన్నది. ఆ రెండు వాక్యాలు రాయడానికి ధైర్యం చాలకనే మూడు పేజీలు నింపారని నాకు తెలుస్తూనే ఉన్నది.

అత్తగారికి 74 ఏళ్ళు. ఎముకలు గుల్లబారి, వెన్నుపూస ఒకటి కుంగింది. డాక్టరుగారు ట్రమడాల్, పారాసెటమాల్ కలిసిన మాత్రలు, వాటితోపాటు కాల్షియం మాత్రలు రాశారు. వారం రోజుల్లో నొప్పి తగ్గుముఖం పట్టి, ఆవిడ లేచి తులసికోట దాకా నడిచారు కూడాను. ఆ తరువాత మళ్ళీ మంచం పట్టారు. మందు పనిచేయడం లేదని కొడుకుగారు ఇంకొక పెద్ద డాక్టరు కోసం వాకబు మొదలుపెట్టారు. ఈలోగా కోడలు పక్క దులుపుతూ ఉంటే దిండు కిందనుంచి వక్కల డబ్బా జారిపడి, మూత ఊడి, అందులోంచి పదకొండు మాత్రలు దొర్లాయట! మాత్ర నోట్లో వేసుకున్నట్టే వేసుకుని, ఇవతలి వాళ్ళు అటు తిరగగానే తీసి దాచేస్తున్నారన్నమాట. మెల్లగా అడిగితే, "నొప్పి ఎట్లాగో ఓర్చుకుంటానే, ఆ రెండోది మాత్రం నావల్ల కాదు. అబ్బాయితో అనకు" అన్నారట.

ఆ రెండోది ఏమిటో ఈ పేజీ చదివేవారికి విడమర్చి చెప్పనక్కరలేదు. మన భాషలోని చిత్రం చూడండి. విరేచనం ఏకవచనంలో ఉంటే ఆరోగ్యం, బహువచనంలోకి వెళితే రోగం. అసలే లేకపోతే మాత్రం, పుస్తకాల్లో కనిపించే మలబద్ధకం అన్న మాట తప్ప, నలుగురిలో చెప్పుకోవడానికి పెద్దవాళ్ళకు నోరే రాదు. రక్తపు పోటు అంకె, షుగరు అంకె కొడుకులకు కంఠతా వచ్చు. అమ్మ చివరిసారి ఎప్పుడు వెళ్ళిందో ఏ కొడుకూ అడగడు, ఏ తల్లీ చెప్పదు. నా దగ్గరకు వచ్చే పెద్దవాళ్ళలోనూ చాలామంది అన్నీ చెప్పి, లేచి నిలబడి, చెప్పులు తొడుక్కుంటూ ఈ మాట అంటారు.

ఇంతకూ నడుము నొప్పి మాత్రకూ పేగులకూ సంబంధం ఏమిటి? దీనికి జవాబు మన ముత్తాతలకు తెలుసు. ఆ రోజుల్లో విరేచనాలు పట్టుకుని కట్టకపోతే నల్లమందు ఇచ్చేవారు. గసగసాల కాయకు గాటు పెడితే కారే పాలు ఎండితే వచ్చేదే నల్లమందు. (గసగసాలు ఆ కాయలోవే అయినా, వాటిలో ఆ మత్తు లేదనే చెప్పాలి. కూరలో వేసుకోవడం మానకండి.) నల్లమందు నొప్పిని మరపించేది, నిద్ర పుచ్చేది, పేగులను కూడా నిద్ర పుచ్చేది. మార్ఫీన్, కోడీన్ దాని నుంచి వచ్చినవే. ట్రమడాల్ ఫ్యాక్టరీలో తయారయ్యేదే గాని, నడక మాత్రం ఆ వంశానిదే. 2018లో మన ప్రభుత్వం దాన్ని కూడా మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది. ఆ మాట విని హడలిపోకండి. డాక్టరు చెప్పిన లెక్కలో వాడేవారికి అది మంచి మందే. విరేచనాలు కట్టడానికి మనం అంగట్లో కొనే లోపెరమైడ్ కూడా ఈ వంశంలోని పిల్లే. అందుకే అది అంత బాగా కడుతుంది!

మన పేగులు తిన్నదాన్ని అలలు అలలుగా ముందుకు తోస్తూ ఉంటాయి. ఈ మందులు మెదడులో నొప్పి తెలియకుండా చేసినట్టే, పేగు గోడల్లో ఉన్న నరాలమీద కూడా కూర్చుంటాయి. దాంతో ఆ అలలు మందగిస్తాయి, లోపల ఊరే నీరు తగ్గుతుంది, కింది ద్వారం బిగుసుకుంటుంది. మలం ఎంతసేపు లోపల ఉంటే పేగు అంత నీటిని పీల్చేస్తుంది. చివరకు మేక పెంటికల్లాగా ఉండలు కడుతుంది.

ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉన్నది. ఈ మాత్రలు మొదలుపెట్టిన కొత్తలో వచ్చే మత్తు, వాంతి అయ్యేటట్టు ఉండడం, చాలామందికి కొద్ది రోజుల్లో శరీరానికి అలవాటై తగ్గిపోతాయి. మలబద్ధకం అట్లా తగ్గదు. మాత్ర వాడినన్నాళ్ళూ అదీ ఉంటుంది. "పది రోజులు పోతే అదే సర్దుకుంటుంది" అని ఎదురుచూడడం వృథా. అందుచేత నొప్పి మాత్ర మొదలుపెట్టిన రోజునే దాని విరుగుడూ మొదలుపెట్టాలి. క్యాన్సరు నొప్పికి మార్ఫీన్ ఇచ్చే డాక్టర్లు ఆ చీటీలోనే విరేచనానికి మందు కూడా రాయడం ఒక నియమంగా పెట్టుకున్నారు. నడుము నొప్పికీ మోకాలి నొప్పికీ ఈ జాతి మాత్రలు రాసినప్పుడు మాత్రం ఆ రెండో మందు తరచుగా మరుగున పడుతుంది. డాక్టరు మరిచిపోతే మీరు అడగండి. "ఈ మాత్రకు విరేచనం బిగుస్తుందా? దానికేమిటి?" అంటే చాలు. తప్పు పట్టుకునేవారెవరూ ఉండరు.

ఇక ఇరుగుపొరుగుల వైద్యానికి వద్దాం. తెనాలి సోదరికి ముగ్గురు మూడు చెప్పారట. మొదటిది ఇసబ్‌గోల్. మామూలు మలబద్ధకానికి, నీళ్ళు బాగా తాగేవారికి, అది నిక్షేపంలాంటి మందు. కాని అది చేసే పని మలాన్ని ఉబ్బించి పెద్దది చేయడం. పేగులు తోసే పని మానుకున్నప్పుడు సరుకు పెంచితే ఏం లాభం? ఎడ్లు పడుకున్న బండికి ఇంకో బస్తా ఎక్కించినట్టు అవుతుంది. అందులోనూ ఆవిడ అరగ్లాసు నీళ్ళతో మింగుతున్నారట. అట్లా చేస్తే అది లోపలే గట్టిపడి అడ్డం పడే ప్రమాదం ఉన్నది. ఈ జాతి నొప్పి మాత్రలు వాడేవారికి అది తగిన మందు కాదు.

రెండోది ఆముదం. మన చిన్నప్పుడు సెలవునాడు పొద్దున్నే ముక్కు మూసి తాగించిన ఆముదం గుర్తున్నవారికి దాని బలం చెప్పనక్కరలేదు. అది 74 ఏళ్ళ శరీరాన్ని కుదిపి, నీరంతా లాగేసి, కళ్ళు తిరిగి పడేటట్టు చేస్తుంది. కుంగిన వెన్నుపూస ఉన్నావిడ పాయిఖానాకు పరుగెత్తి పడిపోతే ఏమవుతుందో ఆలోచించండి. మూడోది, మాత్రలు మానేయడం. ఆ సలహా ఆవిడ తనకు తానే ఇచ్చుకున్నారు. నొప్పితో మంచం దిగకపోతే పేగులు మరింత బద్ధకిస్తాయి, కాళ్ళు సత్తువ కోల్పోతాయి. చాలాకాలం వాడిన వారు ఈ మాత్రలు హఠాత్తుగా మానితే చెమటలు, వణుకు, నిద్రలేమి కూడా వస్తాయి. తగ్గించవలసి వస్తే డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించాలి.

మరి పనిచేసేవి ఏవి? రెండు రకాలు. నిద్రపోయే పేగును తట్టి లేపేవి ఒక రకం: సునాముఖి ఆకు నుంచి తీసిన సెన్నా మాత్రలు, బిసకోడిల్ మాత్రలు. రాత్రి వేసుకుంటే 6 నుంచి 12 గంటల్లో, అంటే తెల్లవారేసరికి, పనిచేస్తాయి. బిసకోడిల్ మాత్రను నమలకూడదు, నలపకూడదు, పాలతో మింగకూడదు. పై పూత కడుపులోనే కరిగిపోయి మెలిపెడుతుంది. రెండో రకం, పేగులోకి నీటిని లాగి మలాన్ని మెత్తబరిచేవి: లాక్టులోజ్ సిరప్, పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి. లాక్టులోజ్ ఒకటి రెండు రోజులు తీసుకుంటుంది, కొంచెం గాలి కూడా చేస్తుంది. కొందరికి ఒక రకమే చాలు, కొందరికి రెండూ కలపాలి. ఎంత వాడాలో మీ డాక్టరు చెప్పాలి. "వీటికి అలవాటు పడిపోతారేమో" అని ప్రతి ఇంట్లోనూ అంటారు. నొప్పి మాత్ర వాడుతున్నన్నాళ్ళూ ఇవీ వాడవలసిందే. అది అలవాటు కాదు, అవసరం. చెప్పిన మోతాదులో వాడితే పేగులు చెడిపోతాయనే భయానికి గట్టి ఆధారం లేదు. మూత్రపిండాల జబ్బున్న పెద్దలకు మాత్రం మిల్క్ ఆఫ్ మెగ్నీషియా, అంగట్లో దొరికే ఫాస్ఫేట్ ఎనిమా సొంతంగా ఇవ్వకండి. ప్రాణం మీదికి రావచ్చు.

మందుల పట్టీ మొత్తం ఒకసారి డాక్టరుకు చూపించండి. కాల్షియం, ఐరన్ మాత్రలు, నిద్రకూ నరాల నొప్పికీ ఇచ్చే అమిట్రిప్టిలిన్, కొన్ని రక్తపు పోటు మాత్రలు కూడా విరేచనాన్ని బిగిస్తాయి. అన్నీ ఒక్కరికే పడితే ఒక్క సెన్నా ఏం చేయగలదు?

తిండి సంగతి. పళ్ళు ఊడిన పెద్దవాళ్ళు ఆకుకూరలు, చిక్కుళ్ళు, జామపండు వదిలేసి, మెత్తటి అన్నంలో చారు, మజ్జిగ పోసుకుని పూట గడుపుతారు. రాత్రి లేవవలసి వస్తుందని సాయంత్రం నుంచి నీళ్ళు మానేస్తారు. తోటకూర పప్పులో మెత్తగా ఉడికించి పెట్టండి. బొప్పాయి ముక్కలు, నానబెట్టిన ఎండు ద్రాక్ష నమలడానికి ఇబ్బంది ఉండదు. షుగరున్నవారు ద్రాక్ష సంగతి చూసుకోవాలి. నీళ్ళు పగలే తాగించండి. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి. తిండి ఒక్కటే ఈ మాత్రల మలబద్ధకాన్ని తీర్చదు, మందుకు సాయం చేస్తుందంతే.

పొద్దున కాఫీ, ఫలహారం అయిన పావుగంట, అరగంటలోపు పేగుల్లో ఒక కదలిక వస్తుంది. అదే మంచి సమయం. ఆ వేళకు ఇంట్లో అందరికీ బడి, ఆఫీసు తొందర, స్నానాలగది ఖాళీ ఉండదు. ఆ పది నిమిషాలు పెద్దావిడకు వదిలేయండి, తలుపు తట్టకండి. ఇంకొకటి, జీవితమంతా గొంతుక్కూర్చుని అలవాటైన వాళ్ళను నడుము నొప్పి వచ్చాక కుర్చీలాంటి కమోడ్ ఎక్కిస్తాం. పొట్టివాళ్ళకు కాళ్ళు సరిగా నేలకు ఆనవు, ముక్కడానికి పట్టు దొరకదు. పాదాల కింద ఒక చిన్న పీట వేస్తే మోకాళ్ళు తుంటికంటె ఎత్తుకు వస్తాయి, దారి సాఫీ అవుతుంది. తుంటి మార్పిడి ఆపరేషన్ అయినవారు మాత్రం ముందు సర్జనును అడగాలి. పీట కదలకుండా ఉండాలి, పక్క గోడకు పట్టుకునే కమ్మీ ఉండాలి.

రోజూ అడిగి సిగ్గుపెట్టనక్కరలేదు. పాలవాడి లెక్క రాసే క్యాలెండరు మీదనే ఆవిడ చేతనే ఒక చుక్క పెట్టించండి. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా మామూలే అంటాం. మూడు రోజులు వరుసగా చుక్క లేకపోతే డాక్టరుకు చెప్పండి.

చాలారోజులు బిగిసి, ఉన్నట్టుండి నీళ్ళలా కొంచెం కొంచెం కారడం మొదలైతే విరేచనాలు పట్టుకున్నాయని లోపెరమైడ్ ఇవ్వకండి. తరచుగా అది లోపల గట్టిపడిన గడ్డ పక్కనుంచి జారుతున్న నీరు. ఆ గడ్డ మూత్రాన్ని కూడా బంధించవచ్చు, పెద్దవాళ్ళను మతి తప్పినట్టు మాట్లాడించవచ్చు. దాన్ని డాక్టరో నర్సో చూసి తీయాలి. కడుపు ఉబ్బి, గాలి కూడా పోకుండా, వాంతులు అవుతుంటే విరేచనం మందు ఇవ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, నెపం నొప్పి మాత్ర మీద వేసి ఊరుకోరాదు.

తెనాలి సోదరికి ఒక్క మాట. అత్తగారు అబ్బాయితో అనవద్దన్నారు గనుక అనకండి. డాక్టరు దగ్గరకు మీరిద్దరే వెళ్ళండి. వక్కల డబ్బాలోని పదకొండు మాత్రల సంగతి అక్కడ తప్పకుండా చెప్పండి. లేకపోతే మందు పనిచేయలేదనుకుని ఆయన ఇంకా గట్టిది రాసే ప్రమాదం ఉన్నది.

షుగరు వ్యాధిలో అరికాళ్ళ మంటల గురించి విశాఖపట్నం నుంచి అడిగినవారికి జవాబు వచ్చే వారం.