గురక ఆపే క్లిప్పులూ, మన నవ్వులూ

"వదినా, ఈ క్లిప్పు ముక్కుకి పెట్టించు, అన్నయ్యగారి గురక దెబ్బకి ఆగిపోతుంది" అంటూ మా పై ఫ్లోర్ ఆవిడ ఒక సిలికాన్ క్లిప్పు నా చేతిలో పెట్టింది. మావారిది ఫిల్మ్‌నగర్‌లో ఎడిటింగ్ పని. రిలీజు దగ్గరపడితే ఇంటికొచ్చేసరికి తెల్లవారుజాము మూడు. పడుకున్న రెండో నిమిషంలో గురక మొదలు. పదిహేనేళ్లుగా అది మా ఇంట్లో జోకు. పిల్లలు రికార్డు చేసి బంధువుల గ్రూపులో కూడా పెట్టారు. సినిమాల్లో గురక అంటే కామెడీయేగా!

క్లిప్పు పెట్టాను. చప్పుడు కాస్త తగ్గింది. అప్పుడు గమనించాను, మధ్యమధ్యలో ఊపిరే ఆడటం లేదు. ఛాతీ ఎగుస్తోంది, గాలి మాత్రం లేదు. నేను పదిహేను లెక్కపెట్టాక ఉలిక్కిపడి ఒక్క గుక్క పీల్చారు. నా గుండె జారిపోయింది.

'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలిచ్చిన బప్పీలహరి గారు 2022 ఫిబ్రవరిలో పోయినప్పుడు డాక్టర్లు చెప్పిన కారణం ఈ స్లీప్ ఆప్నియానే. ఆ రోజు పేపర్లో చదివి, "గురకకి మనిషి పోతాడా" అనుకుని పేజీ తిప్పేసినదాన్ని నేనే.

అందుకే ఈ క్లిప్పులూ, టేపులూ, గడ్డం బెల్టులూ అమ్మేవాళ్ల మీద నాకు ఒళ్లు మంట. నిద్రలో గొంతు కండరాలు వదులై దారి మూసుకుపోతుంటే ముక్కుకి క్లిప్పేం చేస్తుంది? ముక్కు దిబ్బడ ఉన్నవాళ్లకి కొంచెం హాయి, అంతే. నోటికి టేపు వేయడమైతే మరీ దారుణం. ముక్కు మూసుకుపోతే ఆ మనిషి గాలి ఎక్కణ్ణించి పీల్చుకోవాలమ్మా? కింది దవడని ముందుకి లాగే పరికరం కొందరికి పనిచేస్తుంది కానీ అది పంటి డాక్టరు కొలత తీసి చేయాలి. వేణ్ణీళ్లలో ముంచి కొరికేసుకునే రకం కొంటే పళ్లూ దవడా నొప్పులు.

ముందు నిద్ర పరీక్ష చేయించండి. గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోందో, సన్నగిల్లుతోందో లెక్క చెబుతారు. 5 లోపయితే ఫరవాలేదు, 30 దాటితే తీవ్రం. మావారికి 38. సీపాప్ మెషిన్ ఇచ్చారు. గాలి ఒత్తిడితో గొంతు దారి తెరిచి ఉంచుతుంది. ఆ ఒత్తిడి ఎంతో డాక్టరే చెప్పాలి. మాస్కు రోజూ కడగాలి, మెషిన్ నీళ్ల డబ్బాలో డిస్టిల్డ్ వాటరే పోయాలి. చవకగా వస్తోందని పాతది కొనకండి. 2021లో ఫిలిప్స్ కంపెనీ లోపలి ఫోమ్ పొడవుతోందని తన మెషిన్లు లక్షల్లో వెనక్కి పిలిచింది. అలాంటిది మన చేతికే వస్తే?

ఇంతకీ అసలు కోపం ఇంకోటుంది. ఆ డాక్టరమ్మ నన్నడిగింది, "మరి మీ ఇంట్లో ఆడవాళ్లెవరూ గురక పెట్టరా?" అని. మా అత్తగారు తిరుపతి రైల్లో రాత్రంతా కూర్చునే ఉంటారు, నలుగురిలో గురక వినపడుతుందని. పెళ్లిళ్లకి వెళ్తే అందరూ లేచాక కునుకు తీస్తారు. నెలసరి ఆగాక ఆడవాళ్లకీ ఈ జబ్బు ఎక్కువవుతుందట. పొద్దున్నే తలనొప్పి, రోజంతా నీరసం ఉంటే మనం థైరాయిడ్ అనో వయసనో సరిపెట్టేసుకుంటాం. మగాడి గురకకి నవ్వుతాం, ఆడదాని గురకకి సిగ్గుపడతాం. పరీక్షకి మాత్రం ఎవర్నీ తీసుకెళ్లం.

వచ్చే బుధవారం అత్తయ్యకి పరీక్ష. "ఒంటినిండా వైర్లతో పడుకోవడమేంటే, నామోషీ" అంటున్నారు. నేను పక్కనే పడుకుంటానని చెప్పాను. క్లిప్పు పై ఫ్లోర్ వదినకి తిరిగిచ్చేసి, ఆ డాక్టరమ్మ నంబరు కూడా ఇచ్చొచ్చాను.