రాసినది సాక్ష్యమై నిలవాలె

2005ల సల్వాజుడుం మొదలైనంక దంతెవాడ అడవులల్ల ఊర్లు తగలబడ్డయి. పిల్లలను సంకనేసుకొని వేలమంది సరిహద్దు దాటి ఖమ్మం, భద్రాచలం అడవులకొచ్చి పడ్డరు. మన పేపర్లకు వాళ్లు 'వలస గొత్తికోయలు', అడవి నరికేటోళ్లు. ఏ ఊరు కాలింది, ఏ తారీఖున, కాల్చినోళ్లు ఏ బట్టలల్ల వచ్చిన్రు? అడిగినోళ్లు తక్కువ. అడిగి రాసినా జిల్లా పేజీ దాటలే. న్యూయార్క్‌ల ఉండే హ్యూమన్ రైట్స్ వాచ్ మాత్రం మన ఖమ్మం, వరంగల్ గూడేలకొచ్చి వాంగ్మూలాలు రాసుకపోయి 2008ల నివేదిక అచ్చేసింది.

నిరాయుధులను చంపుడు అంతర్యుద్ధంలనైనా నేరమేనని 1949 జెనీవా ఒప్పందాలు చెప్పినయి. హేగ్ల అంతర్జాతీయ నేర న్యాయస్థానం ఉన్నది గని, ఆ ఒప్పందంల భారతదేశం చేరలే. అంటే మన సాక్ష్యం మన కోర్టులల్లనే నిలవాలె. సారకేగూడల 2012 జూన్ 28 రాత్రి 17 మందిని చంపి మావోయిస్టులన్నరు. దానికి ఆధారం లేదని జస్టిస్ అగర్వాల్ కమిషన్ నివేదిక బయటపడేసరికి 2019 వచ్చింది. 2009 గోంపాడ్ హత్యల పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2022ల కొట్టేసి, వేసిన హిమాంశు కుమార్‌కే 5 లక్షల జరిమానా వేసింది. పదమూడేండ్లకు మనిషి యాది చెదురుతది. ఆనాడే తారీఖేసి రాసిన నోట్‌బుక్కు చెదరదు.

అందుకే విలేకరి కండ్లార చూసింది వేరే, విన్నది వేరే రాయాలె. కోయ మాటను తెలుగు చేసి చెప్పిందెవరో రాయాలె. ఒక్క మనిషిని పదిమంది పదిసార్లు అడగొద్దు. మాట మాటకు తేడా వస్తది, వకీలు పట్టుకునేది దాన్నే. ఫోటో తీసిన అసలు ఫైలు దాచాలె, వాట్సాప్‌ల తిరిగినది గాదు. 2024 జూలై నుంచి అమలైన సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద ఆ ఫైలుకు హ్యాష్ విలువతోని సర్టిఫికెట్ కావాలె. చెప్పినోళ్ల పేరు పేపర్ల రావద్దు, భద్రమైన తావుల ఉండాలె.

ఇది పానం మీదికి తెచ్చే పని. బీజాపూర్ విలేకరి సాయిరెడ్డిని 2008ల పోలీసులు నక్సలైటని జైల్ల పెట్టిన్రు, 2013 డిసెంబర్‌ల మావోయిస్టులు చంపిన్రు. లైను లెక్కన పైసలిచ్చే యాజమాన్యాలు ఇసొంటి విలేకరికి ఏం భరోసా ఇస్తయి?

మన గోస రాయరని సీమాంధ్ర పత్రికలను తిట్టినోళ్లం. మన అడవిల తలదాచుకున్నోళ్ల గోస మనం రాయకుంటే ఏ మొకం పెట్టుకొని మాట్లాడుతం? చర్ల, దుమ్ముగూడెం, 2014ల ఆంధ్రలకు పోయిన చింతూరు విలేకర్ల ఇండ్లల్ల పాత నోట్‌బుక్కులు, ఫిల్ములు ఇంకా ఉండొచ్చు. చెదలు పట్టకముందే బయటికి తీయాలె.