పేర్లు మారిన భవనం

అంక్టాడ్ రెండో సదస్సు 1968లో ఢిల్లీలో జరిగింది. మూడోది 1972లో శాంటియాగోలో. దానికోసం చిలీ అధ్యక్షుడు అయెందే 275 రోజుల్లో భారీ భవనం కట్టించారు. సదస్సయ్యాక దాన్ని జనానికి వదిలి, నోబెల్ కవయిత్రి గాబ్రియేలా మిస్త్రాల్ పేరు పెట్టారు. అక్కడి భోజనశాలలో కార్మికులూ విద్యార్థులూ కలిసి తినేవారు.

ఆ ముచ్చట ఏడాదిన్నరే. 1973 సెప్టెంబర్ 11న సైన్యం అధ్యక్ష భవనం లా మొనేదాపై బాంబులేసింది. మరి పాలించడానికి చోటేదీ? పినోచెట్ ముఠా ఇక్కడే మకాం పెట్టింది. కవయిత్రి పేరు తీసేసి 19వ శతాబ్దపు మంత్రి డియెగో పోర్తాలెస్ పేరు తగిలించింది.

1981లో పినోచెట్ లా మొనేదాకు మారారు. 1990లో గద్దె దిగారు. పోర్తాలెస్ పేరు మాత్రం కదల్లేదు! 2006లో పెద్ద హాలు కాలిపోయింది. బాగుచేసి 2010లో మిస్త్రాల్ పేరుతోనే సాంస్కృతిక కేంద్రంగా తెరిచారు. ఇస్లా నెగ్రా మహిళలు ఈ భవనం కోసం కుట్టిన పెద్ద చిత్రం సైనిక కుట్ర తర్వాత మాయమైంది. అది 2019లో గానీ బయటపడలేదు.