కళ్ళెం ఎవరి చేతిలో?

(బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి, చిట్కుల్)

విహారయాత్ర అనగానే మన విద్యార్థి లోకానికి ముందుగా గుర్తొచ్చేది విశాఖపట్నం. విశాఖ అనగానే రామకృష్ణా బీచి. ఆ బీచిలో కురుసుర జలాంతర్గామి, కాల్చిన మొక్కజొన్న కంకులు, మసాలా మరమరాలు, వాటితోపాటు గుర్రపు స్వారీ. మనలో చాలామంది జీవితంలో మొట్టమొదటిసారి గుర్రం ఎక్కేది అక్కడే. ఐదు నిమిషాలు ఎక్కి, నాలుగు ఫోటోలు దిగి, అడిగిన డబ్బులిచ్చి వచ్చేస్తాం. ఈ ఐదు నిమిషాల ముచ్చట మీద సావనీరులో ఒక వ్యాసం అవసరమా అని మిత్రులు నవ్వవచ్చు. అవసరమేనని నా మనవి. తీరంలో గుర్రపు స్వారీని నిషేధించడం సరికాదు, నడిచినన్నాళ్ళు నడవనీ అని వదిలేయడమూ సరికాదు. కొత్తవాళ్ళకు అదొక చిన్న పాఠంలా మారాలి. పక్కన తెలిసిన మనిషి ఉండి, గుర్రాన్ని నడిపిస్తూ నేర్పే పాఠం.

ఈ మాట చెప్పడానికి నువ్వెవరు, నీకూ గుర్రానికీ ఏమిటి సంబంధం అని ఎవరైనా అడగవచ్చు. మాది పటాన్‌చెరు పక్కన చిట్కుల్. ఒకవైపు ఫ్యాక్టరీల షెడ్లు, ఒకవైపు చెరువు, మధ్యలో ప్లాట్లు కాగా మిగిలిన కొన్ని పొలాలు. ఆ మిగిలినవాటిలో మావీ కొన్ని. మా ఊళ్ళో గుర్రం కనబడేది పెండ్లి బారాత్‌లోనే. కానీ పనిచేసే పశువంటే ఏమిటో మా ఇంట్లో తెలుసు. నేను ఏడో తరగతికి వచ్చేదాకా మా దొడ్లో ఒక జత ఎడ్లుండేవి. మా నాయినకు గడియారంతో పనిలేదు. పొద్దు నడినెత్తికి వచ్చిందంటే నాగలి ఇడువాల్సిందే. “ఎద్దు నోరులేనిది బిడ్డా, దాని యాళ్ల మనమే ఎరుకపట్టాలె” అనేవాడు. మెడ మీద కాడి పుండు పడితే అది మానేదాకా ఎంత అదనున్నా దాన్ని కట్టేవాడు కాదు. ఇదేదో గొప్ప దయ అని ఆయన అనుకోలేదు. సేద్యంలో అదొక పద్ధతి, అంతే. ట్రాక్టరు వచ్చింది, ఎడ్లు పోయాయి, ఆ పద్ధతి తెలిసిన తరం కూడా పోతూ ఉంది.

గుర్రం మన తీరానికి కొత్తది కాదు. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి ఒకప్పుడు కాకతీయుల రేవు. అక్కడ 1244లో గణపతిదేవ చక్రవర్తి వేయించిన అభయ శాసనం ఉంది. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారాన్ని, ఏనుగులను, గుర్రాలను పూర్వపు రాజులు లాక్కునేవారనీ, తాను మాత్రం న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోననీ ఆయన వర్తకులకు అభయమిచ్చాడు. ఓడ దిగిన గుర్రం ఆనాడు రాజ్యాలను నిలబెట్టింది. తర్వాతి కాలంలో జట్కాబండి లాగింది. ఇప్పుడు దేశంలోనే గుర్రం తగ్గిపోతున్నది. 2012 పశుగణనలో గుర్రాలు, పొట్టిగుర్రాలు కలిపి 6 లక్షల 25 వేల దాకా ఉంటే 2019 గణన నాటికి 3 లక్షల 42 వేలకు దిగాయి. ఏడేళ్ళలో దాదాపు సగం. మిగిలినవాటిలో కొన్ని మన సరదా కోసం ఇసుకలో నిలబడి ఉన్నాయి. నగరంలో పుట్టిన పిల్లవాడు చెయ్యి వేసి తాకగలిగిన పనిపశువు బహుశా అదొక్కటే. ఆ ఒక్క పరిచయమైనా మర్యాదగా జరగాలా, వద్దా?

మొన్నటి మా విహారయాత్రలో తొమ్మిదిమందిమి గుర్రం ఎక్కాం. ఎవరి బరువెంతో ఎవరూ అడగలేదు. రికాబులో పాదం ఎంతవరకు పెట్టాలో చెప్పినవాళ్ళు లేరు. తలకు టోపీ లేదు. ఒక మిత్రురాలు ఎక్కీ ఎక్కకముందే వెనక నుంచి ఎవరో అదిలించారు. గుర్రం ఒక్క ఉదుటున కదిలింది. ఆమె మెడ జూలు పట్టుకుని ఎలాగో నిలదొక్కుకున్నది. దెబ్బలేమీ తగల్లేదు గాని ఆ సాయంత్రమంతా ఆమె మాట్లాడలేదు. తర్వాత గుర్రపతనితో కాసేపు కూర్చున్నాను. నా వయసువాడే, మహా అయితే రెండేళ్ళు పెద్ద. “సెలవురోజులే మాకు కూడు పెట్టేది బాబూ. వానాకాలం జనం రారు. జనం రాలేదని గుర్రం తినడం మానదు కదా!” అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు సంగతి అర్థమైంది. అతను క్రూరుడేమీ కాడు. నాలుగు నెలల దాణా నాలుగు పండుగ రోజుల్లో సంపాదించాల్సినవాడు. తొందర అతని స్వభావంలో లేదు, అతని లెక్కలో ఉంది. కాబట్టి మార్చవలసింది ఆ లెక్కనే.

సైన్సు విద్యార్థిగా నాలుగు మాటలు చెబుతాను. గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. దాని కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. అందువల్ల చుట్టూ దాదాపు అంతా కనబడుతుంది గాని, సరిగ్గా తోక వెనకా, నుదుటికి ఎదురుగా దగ్గరలోనూ కనబడదు. మనం సరదాగా వెనకనుంచి వెళ్ళి తడితే దానికది పులి పంజా. అది తన్నితే తప్పెవరిది? ఇక బరువు. తన ఒంటి బరువులో ఐదో వంతుకు మించి, జీనుతో సహా, గుర్రం మీద వేయకూడదన్నది స్వారీ తెలిసినవాళ్ళు పాటించే లెక్క. 300 కిలోల చిన్న గుర్రానికి అంటే 60 కిలోలు. జీను పది కిలోలనుకుంటే మనిషి 50 కిలోలే ఉండాలి. మన హాస్టలు మెస్సులో తిని 75 కిలోలు తూగే మిత్రుడు, వెనకాల మరో మిత్రుణ్ణి ఎక్కించుకుంటే ఆ గుర్రం నడుము సంగతేమిటో మీరే లెక్క వేసుకోండి.

చట్టం లేదా అంటే ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 1965లో బరువులు మోసే, బండ్లు లాగే పశువుల కోసం నియమాలు చేశారు. పొట్టిగుర్రం మీద వేయదగిన బరువు 70 కిలోలు. రోజు మొత్తం మీద తొమ్మిది గంటలకు మించి, విరామం లేకుండా ఐదు గంటలకు మించి పని చేయించరాదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటేచోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా అసలే పని చేయించరాదు. మంచి నియమాలే. అయితే వీటిని రాసినవారి కళ్ళ ముందున్నది బస్తాల బరువు, బండి బరువు. సముద్రతీరం సంగతి వేరు. గుర్రం కూడా మనలాగే చెమట పట్టి ఒంటిని చల్లార్చుకుంటుంది. గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఆవిరి కాదు. ఆవిరి కాని చెమట వేడిని తీసుకుపోదు. ఇది ఇంటర్మీడియెట్ ఫిజిక్సే. కనుక ఒడ్డున థర్మామీటరు 34 డిగ్రీలు చూపిన రోజున కూడా గుర్రానికి వడదెబ్బ తగలవచ్చు. తీరానికి కావలసింది డిగ్రీల లెక్క కాదు, “ఉదయం, సాయంత్రం మాత్రమే” అనే సులువైన నియమం. మా నాయిన ఎడ్లకు పాటించింది కూడా ఇదే.

“ఇంత గొడవ ఎందుకు, ఎత్తేస్తే సరి” అనేవాళ్ళున్నారు. ముంబైలో వినోదం కోసం నడిచే గుర్రపు బళ్ళను 2015లో బొంబాయి హైకోర్టు ఆపమన్నది. ఏడాది గడువిచ్చి, ఆ పని మీద బతికే కుటుంబాలకు పునరావాసం చూడమని కూడా చెప్పింది. నగరపు రద్దీలో, తారురోడ్డు మీద బండి లాగే గుర్రం విషయంలో ఆ ఆలోచన నాకు అర్థమవుతుంది. కాని ఒడ్డున తడి ఇసుక మీద ఒక్క మనిషిని మోస్తూ నడిచే గుర్రానికి ఆ బాధ లేదు. పని పోయిన గుర్రం అడవికి పోయి సుఖపడుతుందని అనుకోవడం ఎడ్లను అమ్మిన ఇంట్లో పుట్టనివాళ్ళ ఆలోచన. పని లేని పశువు ఎక్కడికి పోతుందో మాకు తెలుసు.

రెండో దారి ఉంది. ఇంగ్లండులో బ్లాక్‌పూల్ అనే సముద్రతీర పట్టణంలో పిల్లలను గాడిదల మీద ఎక్కించి తిప్పుతారు. యుద్ధం నడుస్తున్న 1942లోనే ఆ ఊరి పాలకులు గాడిదలకు నియమాలు రాశారు. పని ఉదయం పది నుంచి సాయంత్రం ఏడు దాకా. మధ్యలో గంటసేపు భోజన విరామం. వారానికొకరోజు, శుక్రవారం నాడు, సెలవు. గాడిదకు వారాంతపు సెలవు! నవ్వొస్తుంది. కాని ఆ నవ్వులోనే ఉంది కిటుకు. నియమం ఉన్నందువల్ల ఆ సరదా అక్కడ తరాల తరబడి నిలిచింది.

మరి పాఠం అంటే ఎలా ఉండాలి? అరగంట చాలు. మొదటి పది నిమిషాలు నేల మీదే. ఎడమ భుజం వైపు నుంచి, మాట వినబడేట్టు పలకరిస్తూ దగ్గరికి వెళ్ళడం. అరచెయ్యి చాపి పట్టి దాణా పెట్టడం. జీను పట్టెడ బిగువు చూడడం. రికాబులో పాదం ముందుభాగం మాత్రమే ఉంచి మడమ కిందికి దించడం, ఎందుకంటే పడితే కాలు అందులో ఇరుక్కోకూడదు. తలకు హెల్మెట్. తర్వాత ఎత్తుపీట మీద నుంచి ఎక్కడం. నేల మీద నుంచి వేలాడుతూ ఎక్కితే బరువంతా ఒకే పక్కకు లాగి గుర్రం వీపు నొచ్చుకుంటుంది. ఆ పైన ఇరవై నిమిషాలు నడక. పొడి ఇసుకలో డెక్కలు కూరుకుపోయి కాలి నరాలు లాగేస్తాయి కనుక అల తాకి గట్టిపడిన ఇసుక మీదే నడక. కళ్ళెం పక్కన నేర్పే మనిషి. పరుగు లేదు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్న సామెత కొత్తవాడి స్వారీకి సరిగ్గా సరిపోతుంది.

ఇప్పుడు ఆ కుర్రవాడి లెక్కకు వద్దాం. ఐదు నిమిషాల స్వారీకి వంద రూపాయలు అనుకుందాం. రోజుకు ఇరవైమంది ఎక్కితే రెండువేలు. అరగంట పాఠానికి ఐదువందలు అనుకుంటే నలుగురితోనే అదే రెండువేలు. గుర్రం కదిలే సమయం రెంటిలోనూ ఇంచుమించు ఒకటే. తేడా ఎక్కడంటే, ఇరవైసార్లు ఎక్కి దిగే తాకిడి నాలుగుకు తగ్గుతుంది. అదిలింపులు పోతాయి. గిరాకీ కోసం జీను విప్పకుండా పగలంతా ఎండలో నిలబడే అవస్థ తప్పుతుంది. ఉదయం ఇద్దరు, సాయంత్రం ఇద్దరు, మధ్యలో నీడ. ఇన్నాళ్ళు “రండి బాబూ రండి” అని జనం వెంట పడిన కుర్రవాడు నలుగురికి గురువు అవుతాడు. పనికి మర్యాద వస్తే మనిషి తీరు మారుతుంది.

ఐదువందలు సామాన్యుడు ఎక్కడినుంచి తెస్తాడు అన్నది న్యాయమైన ప్రశ్న. అందుకే నేల మీది పది నిమిషాల పాఠాన్ని నలుగురైదుగురికి కలిపి తక్కువ రుసుముకే చెప్పవచ్చు. గుర్రం మీద కూర్చోవడమే ఆనందం అనుకుంటాం గాని, దాని మెడ నిమిరి, చేతిలో ఉలవలు తినిపించిన పిల్లవాడు తక్కువేమీ పొందడు. నగరపాలక సంస్థ, పర్యాటక శాఖ కలిసి ప్రతి గుర్రానికీ ఒక నంబరు, నెలకొకసారి పశువైద్యుని పరీక్ష, ఒక నీడపందిరి, మంచినీళ్ళ తొట్టి, నేర్పేవాళ్ళకు కొద్దిపాటి శిక్షణ ఏర్పాటు చేస్తే చాలు. ఇదేమీ కోట్ల పథకం కాదు. జీవుల పట్ల కారుణ్యం పౌరుని ప్రాథమిక విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చుకున్నాం. ఆ మాటకు తీరంలో ఇంతకంటే సులువైన ఆచరణ లేదు.

ప్రభుత్వం చేసేలోగా మనం చేయగలిగింది కూడా ఉంది. సంఘం వారికి, విహారయాత్రల కమిటీ వారికి నా విన్నపం ఇది. వచ్చే ఏడు యాత్ర నోటీసులో నాలుగు వాక్యాలు చేర్చండి. పదకొండు నుంచి నాలుగు దాకా ఎవరూ గుర్రం ఎక్కరాదు. ఒక గుర్రం మీద ఒక్కరే, అదీ చిన్న గుర్రమైతే తేలికైనవాళ్ళే. కళ్ళెం పట్టుకుని పక్కన నడిచే మనిషి లేకుండా ఎవరూ కదలరాదు. డబ్బులిచ్చే ముందు జీను కింద వీపునూ, నాలుగు కాళ్ళనూ చూడాలి, పుండు గాని కుంటు గాని కనబడితే ఎక్కకుండా వైద్యానికి ఎంతో కొంత ఇచ్చి రావాలి. బస్సునిండా విద్యార్థులు ఇలా అడిగితే, మర్నాటి బస్సువాళ్ళూ అడుగుతారు. నాలుగు బస్సులు అడిగినచోట పద్ధతి మారకపోదు.

“గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు” అని మన పెద్దలు ఖర్చు గురించి విసుక్కుంటూ అన్నారు. ఆ విసుగులోనే ఒక బాధ్యత ఉంది. పని చేసే పశువుకైనా, చేయలేని పశువుకైనా తిండి, నీడ ఇవ్వాల్సింది దాని మీద ఎక్కినవాళ్ళే. సముద్రం మనకు ఆరువందల కిలోమీటర్ల దూరం. మనం అక్కడికి వెళ్ళేది ఏడాదికోసారి. వెళ్ళిన ఆ రెండురోజులూ కళ్ళెంతో పాటు ఆ బాధ్యతనూ కాస్త పట్టుకుందాం.