సంచి తీయిస్తాం... పరీక్ష మాత్రం వద్దు!

'తెల్లబట్ట అవుతోంది' అని డాక్టరుతో చెప్పుకోవడానికి మన ఆడవాళ్లకు ఎన్ని నెలలు పడుతుందో! తీరా నోరు విప్పాక కొన్నిచోట్ల వచ్చే జవాబు... 'వదిలేస్తే క్యాన్సర్ అవుతుందమ్మా, గర్భసంచి తీయించేసుకో' అని. చాలాసార్లు అది మాత్రలతో తగ్గే ఇన్ఫెక్షనే. అయినా 'క్యాన్సర్' అన్న మాట విన్నాక ఆగేదెవరు? అప్పుచేసి మరీ ఆపరేషన్ బల్ల ఎక్కేస్తారు. గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలదే ముందువరస అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి.

మరి ఆ క్యాన్సర్ ఉందో లేదో చూసే పరీక్ష? 2019-21 సర్వే ప్రకారం దేశంలో 30-49 ఏళ్ల ఆడవాళ్లలో దాన్ని ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. మన రెండు రాష్ట్రాలు కాస్త నయం. అక్కడా అయిదుగురి లోపే!

పోనీ పెద్ద పరీక్షా అంటే అదీ కాదు. వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్నే పలచగా గర్భాశయ ముఖద్వారానికి అద్ది ఒక్క నిమిషం ఆగుతారు. తేడా ఉంటే తెల్లమచ్చ తేలుతుంది. కోత లేదు, మత్తు లేదు. ముంబై మురికివాడల్లో టాటా ఆసుపత్రి ఈ పరీక్షను శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలతోనే చేయించింది. ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2013లో తేలింది.

అయినా రారేం? 'సిగ్గు' అని తేల్చేస్తారు అందరూ. సంచి తీయించుకోవడానికి అడ్డురాని సిగ్గు దీనికే వచ్చిందా! అసలు సంగతి వేరు. ఏ నొప్పీ లేని మనిషిని ఒకరోజు కూలి పోగొట్టుకుని రమ్మంటున్నాం. వస్తే గదికి తెర ఉంటుందో లేదో, చూసేది మగ డాక్టరేమో! పైగా ఇది కలయికతో సోకే వైరస్ వల్ల వస్తుందని తెలిస్తే నడవడిక మీద మాట పడుతుందన్న భయం. కాపురం చేసేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకి, ఎక్కువగా దానంతటదే పోయే వైరస్ అది. ఆ ముక్క అత్తగారికి చెప్పేదెవరు?

ముదిరాక బయటపడితే రేడియేషన్ వారానికి అయిదు రోజులు, అయిదారు వారాలు. ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చు భరిస్తుంది, సరే. ఇంట్లో పొయ్యి వెలిగించేదెవరు? పట్నంలో తోడుండేదెవరు? అదే మచ్చ దశలో దొరికితే, చాలామందికి అక్కడే కాల్చేసి ఆరోజే ఇంటికి పంపేస్తారు.

ముప్ఫై నుంచి అరవై అయిదేళ్ల దాకా అయిదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలన్నది 2016 నుంచీ కేంద్రం చెబుతున్న మాట. మీ పీహెచ్‌సీలో ఏ రోజు చేస్తారో ఆశా కార్యకర్తను అడగండి. ముట్లుడిగాక మళ్లీ రక్తం కనిపిస్తే మాత్రం ఆ అయిదేళ్ల లెక్క చూడకండి, వెంటనే వెళ్లండి.